ఆర్మండ్ స్పిట్జ్

ఆర్మండ్ న్యూస్టాడ్టర్ స్పిట్జ్ (1904 జూలై 7 - 1971 ఏప్రిల్ 14) అమెరికాకు చెందిన పాత్రికేయుడు, ఖగోళశాస్త్ర బోధకుడు, నక్షత్రశాల యంత్రాల రూపకర్త. మహానగరాలలోని ధనిక సంస్థలకు మాత్రమే అందుబాటులో ఉండిన ప్లానెటేరియమును పాఠశాల తరగతి గదికి తీసుకువచ్చిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. 1947లో ఇతడు రూపొందించిన స్పిట్జ్ మోడల్ ఎ అనే చిన్న ప్రక్షేపక యంత్రం ధర 500 డాలర్లు. అంతకు ముందు ఇటువంటి యంత్రం కావాలంటే జర్మనీలోని జైస్ కంపెనీనుండి అనేక పదుల వేల డాలర్లు వెచ్చించి తెప్పించుకొనవలసి వచ్చేది. భారతదేశంలో మొట్టమొదటి నక్షత్రశాల కూడా స్పిట్జ్ యంత్రంతోనే, అదీ ఒక పాఠశాలలోనే, 1954లో పుణెలో మొదలయింది.

స్పిట్జ్ ఖగోళశాస్త్రంలో పట్టా పొందినవాడు కాడు. అసలు ఏ విశ్వవిద్యాలయంలోనూ చదువు పూర్తి చేయలేదు. ఆయన జీవితాన్ని గురించి చెప్పుకొనేటప్పుడు ఈ సంగతిని మరచిపోరాదు. ఆయన చేసిన పనిలోని బలానికీ, దానిపై వచ్చిన విమర్శలకూ మూలం చాలావరకు ఇక్కడే ఉన్నది.

బాల్యము, పత్రికా జీవితము

స్పిట్జ్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోను, తరువాత సిన్సినాటి విశ్వవిద్యాలయంలోను కొంతకాలం చదివి, పట్టా తీసుకొనకుండానే బయటకు వచ్చి పత్రికలలో విలేఖరిగా చేరాడు. ఇరవయ్యేళ్ళ ప్రాయం దాటిన కొద్ది సంవత్సరాలకే ఫిలడెల్ఫియా శివార్లలోని హేవర్‌ఫర్డ్ టౌన్‌షిప్ న్యూస్ అనే స్థానిక పత్రికను కొని, దానికి తానే సంపాదకుడుగా, ప్రచురణకర్తగా వ్యవహరించాడు.

కాలం కలసిరాలేదు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం చిన్న పత్రికలను ముందుగా దెబ్బతీసింది. ప్రకటనలు ఇచ్చే దుకాణాలే మూతపడుతున్నప్పుడు, వాటిమీద ఆధారపడిన పత్రిక నిలబడడం అసాధ్యమయింది. పత్రిక దివాలా తీసింది. ముప్పయ్యేళ్ళ వయసులో స్పిట్జ్‌కు చేతిలో పట్టా లేదు, పత్రిక లేదు.

అయితే పత్రికారంగంలో గడిపిన ఆ సంవత్సరాలు వృథా కాలేదని చెప్పాలి. కఠినమైన విషయాన్ని సామాన్య పాఠకునికి రెండు వాక్యాలలో అర్థమయ్యేలా చెప్పడం ఆయనకు అక్కడే అలవడింది. తరువాతి కాలంలో నక్షత్రశాల చీకటిలో ఆయన చెప్పిన ఉపన్యాసాలకు ఈ శిక్షణయే పునాది.

నక్షత్రాల వైపు

1930ల మధ్యకాలంలో స్పిట్జ్ ఫ్రాన్సుకు ఓడలో ప్రయాణించాడు. ఆ ప్రయాణంలో నావికులు నక్షత్రాల ఆధారంగా ఓడ ఉన్న స్థానాన్ని లెక్కించడం చూసి, ఆకాశంపై ఆసక్తి పెంచుకొన్నాడు. నగర దీపాల కాంతి లేని నడి సముద్రంలో మొదటిసారి సంపూర్ణమైన ఆకాశాన్ని చూసినవారికి ఇటువంటి అనుభవం కలగడం సహజమే. తిరిగి వచ్చిన తరువాత ఖగోళశాస్త్రాన్ని సొంతంగా చదువుకోవడం ఆరంభించాడు. కాగితపు గుజ్జుతో ఒక పెద్ద చంద్రుని నమూనాను తయారు చేశాడు. ఆ నమూనా ప్రదర్శనశాలలో చోటు సంపాదించుకొని ఆయనకు కొంత పేరు తెచ్చింది.

ఆ రోజులలో ఫిలడెల్ఫియాలో ఖగోళశాస్త్రంపై ఆసక్తి కలవారికి ఒక గొప్ప సౌకర్యం ఉండేది. 1824లో స్థాపించబడిన ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో, సబ్బుల తయారీదారు శామ్యూల్ ఫెల్స్ విరాళంతో 1933లో ఫెల్స్ నక్షత్రశాల ప్రారంభమయింది. షికాగోలోని ఆడ్లర్ నక్షత్రశాల (1930) తరువాత అమెరికాలో ఇది రెండవది. స్పిట్జ్ ఈ సంస్థలో చేరి, నక్షత్రశాలలో ఉపన్యాసకుడుగా పనిచేశాడు. వాతావరణశాస్త్ర విభాగపు బాధ్యతలు కూడా చూశాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, వాతావరణశాస్త్రానికి ప్రవేశికగా ఒక పుస్తకం కూడా ప్రచురించాడు.

1940లో ప్రచురించిన ది పిన్‌పాయింట్ ప్లానెటేరియం అన్న పుస్తకం మాత్రం ఆయన భావి జీవితాన్ని ముందే సూచించినట్లు ఉంటుంది. నక్షత్రపటంలో సూదితో చేసిన రంధ్రాలగుండా వచ్చే వెలుగును నక్షత్రాలుగా చూపించడమే ఈ పుస్తకంలోని సూత్రం. యంత్రం అవసరం లేదు, కాగితం చాలు. ఇదే సూత్రాన్ని ఆయన ఏడేళ్ళ తరువాత లోహపు పలకలకు, గుమ్మటానికి వర్తింపజేశాడు.

అప్పటికి నక్షత్రశాలల స్థితి

స్పిట్జ్ చేసిన పని విలువ తెలియాలంటే అంతకు ముందు ఉన్న యంత్రాన్ని గురించి కొంత తెలుసుకోవాలి. గుమ్మటంపై ఆకాశాన్ని ప్రక్షేపించే యంత్రాన్ని జర్మనీలోని జెనా నగరంలో జైస్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ బౌయర్స్‌ఫెల్డ్ రూపొందించాడు. 1923లో దీనిని తొలిసారి చూపించారు. 1925లో మ్యూనిక్ నగరంలోని డాయిష్ మ్యూజియంలో శాశ్వతంగా ప్రతిష్ఠించారు. తరువాత వచ్చిన జైస్ రెండవ నమూనా, రెండు చివరల రెండు పెద్ద గోళాలతో వ్యాయామశాలలోని డంబెల్ ఆకారంలో ఉండేది. ఒక గోళం ఉత్తరాకాశాన్ని, రెండవది దక్షిణాకాశాన్ని చూపేవి. దాదాపు 8,900 నక్షత్రాలు కంటికి కనిపించేవి. సూర్య చంద్రులు, గ్రహాలు పళ్ళచక్రాల సహాయంతో తమ తమ కక్ష్యలలో నడిచేవి.

యంత్రంగా ఇది అద్భుతమే. కాని రెండవ ప్రపంచయుద్ధానికి ముందు అమెరికా మొత్తంలో జైస్ నక్షత్రశాలలు అయిదే ఉండేవి: షికాగో, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజిలిస్, న్యూయార్క్, పిట్స్‌బర్గ్. అన్నీ పెద్ద నగరాలే. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కోర్కోజ్ సోదరులు 1937లో సొంతంగా ఒక యంత్రాన్ని నిర్మించుకొన్నారు గాని, అది ఒక్కచోటికే పరిమితమయింది. యుద్ధం తరువాత జెనా నగరం సోవియట్ అధీనంలోకి వెళ్ళడంతో కొత్త జైస్ యంత్రాలు కొంతకాలంపాటు దొరకకుండా పోయాయి.

ఫెల్స్ నక్షత్రశాలలో పనిచేస్తుండగా స్పిట్జ్ గమనించినది ఇదే. ఫిలడెల్ఫియా నగరంలో ఉన్న పిల్లవానికి ఉన్న అవకాశం, నూరు మైళ్ళ దూరంలో పల్లెటూరి బడిలో చదివే పిల్లవానికి లేదు. వేలకొద్దీ నక్షత్రాలు, శతాబ్దాల కచ్చితత్వం ఉన్న యంత్రం ఆ పిల్లవానికి అవసరం కూడా లేదు. సప్తర్షి మండలాన్ని గుర్తుపట్టడం, ధ్రువ నక్షత్రం కదలకపోవడం, ఋతువునుబట్టి ఆకాశం మారడం చూపగలిగితే చాలు.

పన్నెండు ముఖాల యంత్రము

స్పిట్జ్ ఎంచుకొన్న మార్గం సూదిరంధ్రపు ప్రక్షేపణ. చీకటి గదిలో ఒక చిన్న దీపాన్ని వెలిగించి, దాని చుట్టూ రంధ్రాలున్న పెట్టెను ఉంచితే, ప్రతి రంధ్రం గుండా ఒక కిరణం బయటకు వెళ్ళి గోడపై ఒక చుక్కగా కనిపిస్తుంది. రంధ్రం పెద్దదైతే చుక్క కాంతివంతంగా ఉంటుంది, చిన్నదైతే మసకగా ఉంటుంది. కటకాలు, పలకచిత్రాలు అవసరం లేకుండానే ఆకాశం తయారవుతుంది. జైస్ యంత్రపు ఖర్చులో అధికభాగం కటకాలదే కనుక, వాటిని తప్పిస్తే ధర అమాంతం తగ్గిపోతుంది.

సమస్య పెట్టె ఆకారంలో ఉన్నది. సహజంగా తోచే ఆకారం గోళం. కాని బోలు గోళాన్ని కచ్చితంగా తయారు చేయడము, దాని వంపు ఉపరితలంపై సరియైన స్థానాలలో వందలాది రంధ్రాలు తొలచడము ఆ రోజులలో ఖరీదైన పని. చదునైన పలకలపై రంధ్రాలు చేయడం సులభం. కనుక గోళానికి దగ్గరగా ఉండే, చదునైన ముఖాలు కలిగిన ఆకారం కావాలి. స్పిట్జ్ చివరకు ద్వాదశముఖిని, అనగా పన్నెండు సమ పంచభుజులతో ఏర్పడిన ఘనాకారాన్ని, ఎంచుకొన్నాడు.

ఈ ఎంపికలోని సొగసును కొంత వివరించడం అవసరం. దీపం కేంద్రంలో ఉన్నప్పుడు, పలక చదునుగా ఉన్నా వంపుగా ఉన్నా కిరణం దిశ మారదు. కేంద్రం నుండి నక్షత్రం వైపుకు గీసిన గీత పలకను ఎక్కడ తాకుతుందో అక్కడ రంధ్రం చేస్తే చాలు, గుమ్మటంపై నక్షత్రం సరియైన చోటనే పడుతుంది. కనుక స్థానాలలో దోషం రాదు. దోషం వచ్చేది కాంతిలోను, చుక్క పరిమాణంలోను. పలక మధ్యభాగం దీపానికి దగ్గరగాను, మూలలు దూరంగాను ఉంటాయి. ఘనచతురస్రపు పెట్టెను వాడితే మూల దూరం ముఖమధ్య దూరానికి దాదాపు 1.73 రెట్లు ఉంటుంది. ద్వాదశముఖిలో ఇది సుమారు 1.26 రెట్లు మాత్రమే. ఇరవై త్రిభుజాల ఘనాకారాన్ని తీసుకొన్నా నిష్పత్తి సరిగ్గా ఇంతే ఉంటుంది. ఎనిమిది పలకలు ఎక్కువ చేయవలసి వస్తుంది తప్ప కలిగే లాభం లేదు. గణితం తెలిసినవారు ఈ యంత్రాన్ని మెచ్చుకోవడానికి ఇదొక కారణం.

ద్వాదశముఖిని వాడమని స్పిట్జ్‌కు సలహా ఇచ్చినవాడు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ అని ఒక కథ నక్షత్రశాలల వారిలో ప్రచారంలో ఉన్నది. ఐన్‌స్టీన్ అప్పుడు ఫిలడెల్ఫియాకు దూరం కాని ప్రిన్స్‌టన్‌లో నివసిస్తుండడం వలన ఈ కథ నమ్మదగినదిగానే తోస్తుంది. అయినా దీనిని కథగా చెప్పుకోవడమే మేలు. ప్రతి మంచి ఆలోచన వెనుక ఐన్‌స్టీన్‌ను చూడడం ఆ కాలపు అలవాటు.

పెట్టెను ఒక ఇరుసుపై అమర్చి, చిన్న మోటారుతో తిప్పితే ఆకాశం తూర్పునుండి పడమరకు కదులుతుంది. ఇరుసును వంచి ఏ అక్షాంశపు ఆకాశాన్నైనా చూపవచ్చు. ఫిలడెల్ఫియా ఆకాశం కావాలంటే ధ్రువ నక్షత్రం క్షితిజానికి 40 డిగ్రీల ఎత్తున, హైదరాబాదు ఆకాశం కావాలంటే 17 డిగ్రీల ఎత్తున, భూమధ్యరేఖ దగ్గర ఆకాశం కావాలంటే క్షితిజాన్ని తాకుతూ ఉండేలా ఇరుసును అమర్చాలి. గ్రహాలను మాత్రం ఉపాధ్యాయుడే పంచాంగం చూసి చేతితో సరిచేయవలసి ఉండేది. దీనిని లోపంగా ఎంచినవారు ఉన్నారు. కాని పాఠం చెప్పేముందు కుజుడు ఏ రాశిలో ఉన్నాడో ఉపాధ్యాయుడు వెతికి చూసుకోవలసి రావడం బోధనకు చెరుపు చేసిందని అనలేము.

1947లో స్పిట్జ్ తన యంత్రాన్ని హార్వర్డ్ వేధశాలలో ఖగోళశాస్త్రవేత్తల సమావేశంలో ప్రదర్శించాడు. వారి ఆదరణ ఆయనకు ధైర్యాన్నిచ్చింది. స్పిట్జ్ లేబొరేటరీస్ అనే సంస్థను నెలకొల్పి మోడల్ ఎ యంత్రాల తయారీ ప్రారంభించాడు. పదిహేనేళ్ళ క్రితం ఒక వ్యాపారంలో సర్వం పోగొట్టుకొన్న వ్యక్తి మరొకమారు సొంత సంస్థ పెట్టడం చిన్న విషయం కాదు. అందులోనూ కొనుగోలుదారులు బడులు, కళాశాలలు, చిన్న ఊళ్ళ ప్రదర్శనశాలలు. అనగా డబ్బు అంతగా లేనివారే. ధరను 500 డాలర్లకు మించనీయకపోవడం వలన అమ్మకాలు పెరిగాయి గాని, లాభం స్వల్పం.

పాఠశాలలకు, దేశాంతరాలకు

మోడల్ ఎ యంత్రానికి పెద్ద భవనం అవసరం లేదు. కిటికీలు మూసిన ఒక గది, దానిలో ఒక చిన్న గుమ్మటం ఉంటే సరిపోతుంది. యంత్రం తేలికైనది కనుక ఒకచోటినుండి మరొకచోటికి తీసుకొనిపోవడం కూడా సాధ్యమయింది. జైస్ యంత్రాన్ని కదిలించడమంటే భవనాన్ని కదిలించడంతో సమానం. చిక్కు గుమ్మటంతోనే వచ్చేది. యంత్రాన్ని బండిలో ఎక్కించవచ్చును గాని, గట్టి గుమ్మటాన్ని ఎక్కించలేరు. ఈ చిక్కు స్పిట్జ్ జీవితకాలంలో పూర్తిగా తీరలేదు.

1950లలో ఈ యంత్రాలు అమెరికా దాటి ఇతర దేశాలకు చేరాయి. వాటిలో మనకు ముఖ్యమైనది పుణె నగరంలోని న్యూ ఇంగ్లీష్ స్కూల్. 1880లో విష్ణుశాస్త్రి చిప్లూణ్‌కర్, బాలగంగాధర తిలక్, గోపాల గణేశ అగర్కర్ తదితరులు నెలకొల్పిన ఈ పాఠశాలలో 1954లో కుసుమ్‌బాయి మోతీచంద్ నక్షత్రశాల ప్రారంభమయింది. భారతదేశంలో ఇదే మొదటి నక్షత్రశాల. కలకత్తాలో సుప్రసిద్ధమైన బిర్లా నక్షత్రశాల 1960లలో గాని రాలేదు. పుణె నక్షత్రశాలను ఆసియా ఖండంలోనే మొదటిదని కొన్నిచోట్ల వ్రాస్తారు గాని అది సరికాదు. జపానులోని ఒసాకా నగరంలో 1937లోనే జైస్ నక్షత్రశాల ఉన్నది. అయినా స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్ళకే, ఏ ప్రభుత్వ భవనంలోనో గాక, పిల్లలు చదువుకొనే బడిలో ఆకాశాన్ని చూపే ఏర్పాటు జరగడం విశేషం. స్పిట్జ్ కోరుకొన్నది ఇదే.

చిన్న యంత్రాలతోపాటు స్పిట్జ్ సంస్థ పెద్ద నక్షత్రశాలల కోసం మోడల్ బి అనే యంత్రాన్ని కూడా తయారు చేసింది. ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో 1955లో ప్రారంభమైన నక్షత్రశాలలో మొదటి మోడల్ బి యంత్రాన్ని అమర్చారు. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరపు లాంగ్‌వే నక్షత్రశాలకు 1958లో మరొకటి చేరింది.

పాఠశాలకు కూడా పోలేని పిల్లల కోసం అన్నట్లుగా 1954లో స్పిట్జ్ జూనియర్ అనే బొమ్మ నక్షత్రశాల బజారులోకి వచ్చింది. పెన్సిల్వేనియాలోని హార్మోనిక్ రీడ్ కార్పొరేషన్ దీనిని తయారు చేసింది. ధర సుమారు 15 డాలర్లు. ప్లాస్టిక్ గోళంలో చిన్న దీపం, పడకగది పైకప్పుపై నక్షత్రాలు. గది పైకప్పు చదునుగా ఉండడం వలన అంచులలోని రాశులు సాగిపోయి కనిపించేవి. అయినా అమెరికాలో ఒక తరం పిల్లలు ఆకాశాన్ని ముందు ఈ బొమ్మలో చూసి, తరువాత ఆరుబయట చూశారు.

మూన్‌వాచ్

స్పిట్జ్ జీవితంలో నక్షత్రశాలతో సంబంధం లేని ముఖ్యమైన అధ్యాయం ఇది. 1957 జూలై నుండి 1958 డిసెంబరు వరకు జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో కృత్రిమ ఉపగ్రహాన్ని ప్రయోగించాలని అమెరికా సంకల్పించింది. ప్రయోగించిన తరువాత అది ఆకాశంలో ఎక్కడ ఉన్నదో కనిపెట్టడం ఎలా అన్నది ప్రశ్న. స్మిత్‌సోనియన్ ఖగోళభౌతిక వేధశాల సంచాలకుడు ఫ్రెడ్ విపుల్ దీనికి రెండు ఏర్పాట్లు చేశాడు. ఒకటి, బేకర్-నన్ అనే ప్రత్యేక కెమెరాలు. వీటిలో ఒకదానిని మన దేశంలో నైనితాల్‌లో అమర్చారు. రెండవది, సామాన్య ప్రజల సహాయం. దానికే మూన్‌వాచ్ అని పేరు. 1956లో మొదలైన ఈ కార్యక్రమానికి స్పిట్జ్ సమన్వయకర్తగా పనిచేశాడు.

ఒక్కొక్క దళంలోని సభ్యులు ఉత్తర దక్షిణ రేఖ వెంబడి వరుసగా కూర్చుని, తలకొక చిన్న దూరదర్శినితో ఆకాశంలో కొంత భాగాన్ని కనిపెట్టి ఉండేవారు. అందరి భాగాలూ కలిస్తే ఆకాశంలో ఒక కంచె ఏర్పడుతుంది. ఉపగ్రహం ఆ కంచెను దాటినప్పుడు ఎవరో ఒకరి కంట పడక తప్పదు. బడిపిల్లలు, గృహిణులు, ఉపాధ్యాయులు, కర్మాగార ఉద్యోగులు ఈ దళాలలో చేరారు. వృత్తి ఖగోళశాస్త్రవేత్తలలో పలువురు ఈ పద్ధతిని మొదట శంకించారు. శిక్షణ లేనివారి లెక్కలను నమ్మడం ఎలా అన్నది వారి సందేహం. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ఎవరూ ఊహించని విధంగా స్పుత్నిక్‌ను ప్రయోగించినప్పుడు, కెమెరాలు ఇంకా సిద్ధంగా లేవు. తొలి పరిశీలనలు ఈ స్వచ్ఛంద దళాలనుండే వచ్చాయి. మూన్‌వాచ్ 1975 వరకు కొనసాగింది.

పట్టా లేని వ్యక్తి పట్టా లేని జనాన్ని కూడగట్టి శాస్త్రానికి ఉపయోగపడేలా చేయడాన్ని యాదృచ్ఛికమని అనుకోలేము. నక్షత్రశాలలోనూ ఆయన చేసినది ఇదే.

స్పుత్నిక్ తరువాత

స్పుత్నిక్ అమెరికా పాఠశాల విద్యను కుదిపివేసింది. 1958 సెప్టెంబరులో జాతీయ రక్షణ విద్యా చట్టం అమలులోకి వచ్చింది. విజ్ఞానశాస్త్రం, గణితం, విదేశీ భాషల బోధనకు కావలసిన పరికరాలు కొనుక్కొనడానికి పాఠశాలలకు కేంద్రప్రభుత్వం డబ్బు ఇవ్వసాగింది. నక్షత్రశాలలు కూడా ఈ జాబితాలో చేరాయి. అదే నెలలో మిషిగన్ రాష్ట్రంలోని క్రాన్‌బ్రుక్ విజ్ఞాన సంస్థలో నక్షత్రశాలలను విద్యకు ఎలా ఉపయోగించాలో చర్చించడానికి మొదటి సదస్సు జరిగింది. 1960లలో అమెరికా పాఠశాలలలో వందలాది నక్షత్రశాలలు వెలిశాయి. వాటిలో అధికభాగం స్పిట్జ్ యంత్రాలే. ఆ దశాబ్దంలో వచ్చిన ఎ-3-పి అనే నమూనాలో పన్నెండు ముఖాల పెట్టె పోయి గోళం వచ్చింది. తయారీ పద్ధతులు మెరుగుపడి, స్పిట్జ్ మొదట భరించలేకపోయిన ఖర్చు ఇప్పుడు భరించదగినది కావడమే దీనికి కారణం.

1959లో స్పిట్జ్, ఫ్రాంక్ గేనర్‌తో కలసి ఖగోళశాస్త్ర, అంతరిక్షయాన పదాల నిఘంటువును ప్రచురించాడు.

విమర్శలు

స్పిట్జ్ యంత్రాలను అందరూ మెచ్చుకొనలేదు. సూదిరంధ్రపు ప్రక్షేపణలో ప్రకాశవంతమైన నక్షత్రానికి పెద్ద రంధ్రం కావాలి. కనుక సిరియస్ వంటి నక్షత్రం బిందువుగా కాక చిన్న బిళ్ళవలె కనిపిస్తుంది. నిజమైన ఆకాశంలో ఏ నక్షత్రమూ బిళ్ళవలె ఉండదు. జైస్ యంత్రానికి అలవాటుపడినవారికి ఇది కంటికి నచ్చేది కాదు.

ఇంతకన్న గట్టి విమర్శ మరొకటి ఉన్నది. యంత్రం చవక అయింది గాని, దానిని నడిపి పాఠం చెప్పగలిగిన ఉపాధ్యాయుడు చవకగా దొరకడు. ప్రభుత్వ నిధులతో యంత్రాలు కొన్న పాఠశాలలలో కొన్ని, నిధులు తగ్గిన తరువాత ఉపాధ్యాయుని ఉద్యోగాన్ని తీసివేసి గదికి తాళం వేశాయి. గుమ్మటాన్ని సామాను గదిగా వాడుకొన్న పాఠశాలలు కూడా ఉన్నాయి. ఈ తప్పు యంత్రానిది కాదు, దాని రూపకర్తది అంతకన్నా కాదు. కాని యంత్రాన్ని బడికి చేర్చడంతో పని ముగియదని ఈ అనుభవం తెలిపింది. నక్షత్రశాలలో పనిచేసేవారు తమ వృత్తికి సంఘాలు ఏర్పరచుకొని, బోధన పద్ధతులను ఒకరికొకరు చెప్పుకొనడం 1960లలోనే మొదలయింది. ఈ ప్రయత్నాలే 1970లో అంతర్జాతీయ సంఘానికి దారితీశాయి.

చివరి రోజులు

స్పిట్జ్ తన జీవితపు ఉత్తరార్ధంలో వాషింగ్టన్ నగరానికి చేరువలో నివసించాడు. ఆయన రెండవ భార్య గ్రేస్ షోల్జ్ స్పిట్జ్ కూడా ఖగోళశాస్త్రాభిమానుల సంఘాలలో పేరున్న వ్యక్తి. 1971 ఏప్రిల్ 14న వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్‌లో స్పిట్జ్ మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 66 సంవత్సరాలు.

ఆయన స్థాపించిన సంస్థ డెలావేర్ రాష్ట్రంలోని యార్క్‌లిన్‌కు, తరువాత పెన్సిల్వేనియాలోని చాడ్స్ ఫర్డ్‌కు తరలింది. పలుమార్లు చేతులు మారింది. 2006లో దీనిని ఎవాన్స్ అండ్ సదర్లాండ్ కంపెనీ కొనుగోలు చేసింది. కాలక్రమంలో సూదిరంధ్రాల యంత్రాలకు బదులు గుమ్మటాలు, కంప్యూటరుతో నడిచే ప్రొజెక్టర్లు ఈ సంస్థ ప్రధాన ఉత్పత్తులయ్యాయి.

సంచార నక్షత్రశాలలు

స్పిట్జ్ వదలివెళ్ళిన చిక్కు, అనగా గుమ్మటాన్ని మోసుకొనిపోవడం, ఆయన మరణించిన ఆరేళ్ళకు తీరింది. 1977లో మసాచుసెట్స్‌కు చెందిన ఫిలిప్ శాడ్లర్ అనే విద్యావేత్త, గాలి నింపితే లేచి నిలబడే గుడ్డ గుమ్మటాన్ని రూపొందించి దానికి స్టార్‌ల్యాబ్ అని పేరు పెట్టాడు. ఒక చిన్న పంకా నిరంతరంగా గాలి పంపుతుంటే గుమ్మటం నిలిచి ఉంటుంది. పంకా ఆపితే మడచి సంచిలో పెట్టుకోవచ్చు. మధ్యలో ఉంచే నక్షత్ర యంత్రానికి స్పిట్జ్ పద్ధతే ఆధారం: నడుమ చిన్న దీపం, చుట్టూ నక్షత్రాల పటం. ఒక కారులో పట్టే ఈ సామానుతో ఒకే ఉపాధ్యాయుడు ఉదయం ఒక బడిలోను, మధ్యాహ్నం మరొక బడిలోను పాఠం చెప్పగలిగాడు. పిల్లలు ఒక సొరంగం వంటి దారిలో పాకుతూ లోపలికి పోయి నేలమీద కూర్చుంటారు. పాకడంలోనే సగం సంబరం ఉన్నదని ఉపాధ్యాయుల అనుభవం.

భారతదేశంలో జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల మండలి ఇదే పద్ధతిలో తారామండల్ అనే గాలి గుమ్మటాన్ని తయారు చేయించి విజ్ఞాన కేంద్రాలకు అందించింది. తెలుగు ప్రాంతాలలో నక్షత్రశాల అనగానే 1985 సెప్టెంబరు 8న అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు ప్రారంభించిన హైదరాబాదు నౌబత్ పహాడ్‌పైని బిర్లా నక్షత్రశాల గుర్తుకు వస్తుంది. అక్కడ అమర్చినది జపానుకు చెందిన గోటో కంపెనీ యంత్రం. బడి తరఫున బస్సు కట్టించుకొని హైదరాబాదుకు వచ్చి ఆ గుమ్మటం కింద కూర్చున్న జిల్లాల పిల్లలు ఎందరో ఉన్నారు. బస్సు కట్టించుకొనే స్తోమత లేని బడులకు మాత్రం సంచిలో వచ్చే గుమ్మటమే నక్షత్రశాల.